దున్న ఉన్ని, చింతగింజల గంజి

ఏప్రిల్ 8, మంగళవారం

ఈ డైరీ అసలు నాది కాదు. బస్సు సామాను అమ్మే షాపువాళ్లు నబీ రసూల్‌కి ఇచ్చారు. "నాకు స్టీరింగ్ తిప్పేదానికే టైం సాలదు, రాసేదెప్పుడన్నా? కాలు బాగయ్యేదాకా నువ్వే రాసుకో" అని నా మంచం మీద పడేసి పోయాడు. గదిలో ఉండేది మేమిద్దరమే. అతనిది రాయచోటి, కాంపౌండ్ బస్సు నడుపుతాడు. నాది నిర్మల్ దగ్గర పల్లె, ఏసీలు బాగుచేస్తాను. మొన్నటిదాకా చేశాను.

కాలు విరగడంలో నిచ్చెన తప్పేమీ లేదు. ఫోన్ మోగితే తీశాను, అంతే. ఇవాళ కట్టు విప్పారు. మెయింటెనెన్స్ ఆఫీసు ప్రసాద్ సార్ పిలిచి, "లింబాద్రీ, మే ఎండ్ దాకా నో లాడర్. లైట్ డ్యూటీ ఇస్తున్నా. హాబీ హాల్ కీస్ నీ దగ్గరుంటాయి. ఓపెన్ చెయ్యి, క్లోజ్ చెయ్యి, అంతే నీ పని" అన్నాడు. ఈ ధహ్రాన్ కాంపౌండ్‌లో ఇంజనీర్ల కుటుంబాలు కుండలు చేసుకునే, బొమ్మలు వేసుకునే హాలు అది. పద్నాలుగేళ్లు సౌదీలో చెమటోడ్చి చివరికి తాళంచెవులకు కాపలా అయ్యాను.

ఏప్రిల్ 9

తెరిచాను. మూశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

మూల బల్ల దగ్గర ఒక మేడమ్ రోజూ ఒక్కతే కూర్చుంటోంది. యాభై దాటి ఉంటుంది. నల్లటి బారు జడ. అమెరికా ఆమేనట. సంచిలోంచి ముదురు గోధుమరంగు బొచ్చు తీసి తొడ మీద పెట్టి అరచేత్తో పురి పెడుతుంది. జానెడు సాగుతుంది, తెగుతుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ తెగుతుంది. పదకొండు సార్లు తెగింది. నేను లెక్కపెట్టలేదు, కళ్లు వాటంతటవే లెక్కపెట్టాయి.

హాలంతా తడి ఉన్ని వాసన. నాకేం సంబంధం లేదు. కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకున్నాను.

ఏప్రిల్ 15

సంబంధం పెట్టుకున్నాను. ఇవాళ వాసన పట్టలేక దగ్గరికి వెళ్లి, "ఏ గొర్రెది మేడమ్?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. గొర్రెది కాదట. బైసన్ అనే అడవిదున్నదట. దున్నకు ఉన్ని ఏమిటని నవ్వబోయాను గానీ, ముట్టుకుంటే నవ్వు ఆగిపోయింది. పైన మొరటు వెంట్రుక, కింద పసిపిల్ల నెత్తి మీద ఉండేలాంటి మెత్తన.

ఆమె పేరు లొరెట్టా. నేల లోపలి రాళ్లు చూసే ఇంజనీరు. పుట్టింది ఓక్లహోమాలో, అక్కడి ఆదివాసుల్లో చోక్టా అనే జాతి. వాళ్ల ముత్తవ్వలు ఈ ఉన్ని వడికి, వేళ్లతోనే భుజం పట్టీలు అల్లేవాళ్లట. ఆ పని ఆగిపోయి వంద ఏళ్లు ఎప్పుడో దాటింది. వాళ్లింట్లో చూపించేవాళ్లు ఎవరూ లేరు. ఒక మ్యూజియంలో దొరికిన పాత పట్టీ ఫొటో, కొన్ని పుస్తకాల్లో నాలుగు ముక్కలు, ఈ సంచీ, ఇవే ఆమె దగ్గరున్నవి. అంగడిలో కొన్న గొర్రె ఉన్నితో అల్లిక నేర్చేసుకుంది. ఈ దున్న ఉన్ని దగ్గరే తెగుతోంది.

సంచిలోది వాళ్ల పెద్దమ్మ ఏరిందట. ఎండలు ముదిరేటప్పుడు దున్నలు బొచ్చు రాల్చి కంచెలకు రుద్దుకుంటే, ఆ ముళ్లతీగల మీంచి పోగు పోగు ఏరిందట, రెండేళ్ల పాటు. ఆమెకిప్పుడు ఎనభై నాలుగు. మే 22న మేడమ్ సెలవు మీద ఇంటికి వెళ్తుంది. ఆ రోజుకి ఈ ఉన్నితో పట్టీ తయారు కావాలి, పెద్దమ్మ భుజం మీద వెయ్యాలి. ఇంకో సంచీ లేదు.

"మా ఇంట్లో గొంగళ్లు నేసేవాళ్లం" అన్నాను. నోరు అనేసింది, నేను అనలేదు. మేడమ్ లేచి నిలబడింది.

"వడకడం వచ్చా?"

"యెస్ మేడమ్."

ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను. మా కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు నేస్తారు. నేను కదురు పట్టుకున్నది లేదు. కానీ చాలా చూశాను. చూడడం అంటే సగం వచ్చినట్టే.

ఏప్రిల్ 17

ఉన్ని మంచిది కాదేమో. లేకపోతే ధహ్రాన్ గాలిలో ఉప్పు ఎక్కువ. నా చేతిలో బెత్తెడు కూడా నిలవడం లేదు. ఆ మాటే మేడమ్‌కి చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూసి, "గాలి, అవును" అంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

శ్రీలతకు ఫోన్ చేసి, వడికేటప్పుడు ఉన్నికి ఏం పూస్తారో మీ అమ్మను కనుక్కో అన్నాను.

"నువ్వే అడుగు. నీకు నోరు లేదా?" అంది నా భార్య.

నోరుంది. అత్తమ్మకే నాతో మాట లేదు. నేను నేత నేర్చుకున్నది ఆమె భర్త, మా మామ భోజన్న దగ్గర, ఆయన మగ్గం మీద. మామ పోయాడు, గొంగళ్లు అడిగేవాళ్లు లేరు, నేను సౌదీ వచ్చాను. మగ్గం మూలన పడి ఉంది. మూడేళ్ల కింద సెలవుకి వెళ్లినప్పుడు దాన్ని విప్పి ఆ కర్రలతో మేకల కొట్టానికి కప్పు వేశాను. మంచి కర్ర, చెదలు పట్టదు. అత్తమ్మ ముత్యవ్వ ఒక్క మాట అనలేదు. మేకుల దగ్గర మాత్రం పిసినారితనం చూపించింది. ఒక్క మేకు కొట్టనివ్వలేదు, అన్నీ తాళ్లతో కట్టించింది. గాలి వచ్చిందంటే కప్పు లటలటమని కొట్టుకుంటుందని శ్రీలత ఇప్పటికీ సణుగుతుంది. అప్పటినుంచి నేను ఫోన్ చేస్తే అత్తమ్మ "బాగున్నవా అల్లుడా" అని శ్రీలతకు ఇచ్చేస్తుంది.

వయసు మీద పడ్డది కదా, అందుకే అయ్యుంటుంది.

ఏప్రిల్ 21

అత్తమ్మ వేళ్లకు నూనె రాసుకునేది! స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. ఒళ్లు తుడుచుకోకుండా చొక్కా వేసుకుని కుంటుకుంటూ వెళ్లాను. మేడమ్ వేళ్లకు రెండు చుక్కలు రాసుకుంది, పోగు సాగింది. మూర, రెండు మూరలు. తెగలేదు. మేడమ్ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంజనీరు చెయ్యి, బరువుగానే ఉంది.

ఏప్రిల్ 24

మొరటు వెంట్రుక ఏరే పని నాది, వడికే పని మేడమ్‌ది. నేను ఇంకా వడకనందుకు కారణం కాలు నొప్పి అని చెప్పాను. వడకడానికి కాలుతో పనేమిటని ఆమె అడగలేదు. పెద్దింటి మనిషి.

ఏడు ఉండలు తయారయ్యాయి. సంచిలో ఇంకా మూడో వంతు మిగిలింది. ఆదివారం అల్లిక మొదలట. వారాంతానికి ఆమె వేరే ఊరు వెళ్తూ ఉండలన్నీ బల్ల మీద పెట్టి, "జాగ్రత్త, లింబాద్రీ" అంది. నా పేరు సరిగ్గా పలికిన మొదటి అమెరికా మనిషి.

పోగు మీద నూగు లేచి ఉంది. అల్లేటప్పుడు ఒకదానికొకటి చిక్కుకుంటుంది. దానికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇది మగవాళ్ల పని. ఇది నాకు వచ్చు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఎన్నాళ్లకు ఇంత సంతోషంగా ఉన్నానో!

నబీ రసూల్ వాళ్లమ్మ పంపిన చింతపండులో గింజలు తీసి డబ్బాలో దాచి ఉంచాడు, ఎందుకో అతనికే తెలియదు. వేయించాను, పొట్టు తీశాను, నానబెట్టి మిక్సీలో వేశాను. మిక్సీ ఏడ్చింది. చిక్కగా గంజి కాచాను. మేముండే క్యాంపు వెనకాల బట్టలారేసే రెండు స్తంభాల మధ్య అయిదు ఉండల పోగు బారుగా లాగి కట్టాను. ఇంటి దగ్గరైతే పడుగుకు గంజి పట్టించే కుంచె ఉంటుంది, ఇక్కడ గోడల రంగు కుంచె, కొత్తది. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, మామ చెప్పినట్టే నూగంతా ఒకే వైపు పడుకునేలా పట్టించాను. ఈ ఎండకు గంటలో ఆరిపోయింది. ఒక్కొక్క పోగు నిగనిగలాడుతూ నిలబడింది.

"ఏందన్నా ఇది, కమ్మీ మాదిరి అయిపాయ?" అన్నాడు రసూల్.

"గంజి బట్టిన పడుగు గట్లనే ఉండాలె. ఇగ ఎంత గుద్దినా తెగది" అన్నాను.

మామ ఉంటే మెచ్చుకునేవాడు. మేడమ్ ఆదివారం చూసి ఆశ్చర్యపోతుంది.

ఏప్రిల్ 27

ఆశ్చర్యపోయింది.

ఏప్రిల్ 28, సోమవారం

నిన్న రాయబుద్ధి కాలేదు.

మేడమ్ ఒక పోగు తీసి వేలికి చుట్టబోయింది. అది వంగలేదు. గట్టిగా వంచితే గంజి పొట్టులా రాలింది. ఏం చేశావు అని అడిగింది. చెప్పాను, ఉత్సాహంగానే చెప్పాను. మగ్గం మీద బరువైన చెక్కతో పేకను గుద్దుతాము కదా, గంజి లేకపోతే పడుగు నిలవదు కదా అని చేతులతో గుద్ది మరీ చూపించాను.

"మగ్గం ఎక్కడుంది, లింబాద్రీ?" అంది మెల్లగా. పది వేళ్లూ నా ముందు చాచింది. "నా దగ్గర ఉన్న మగ్గం ఇదే."

రెండు వారాలుగా చూస్తున్నాను, ఆమె వేళ్లతో అల్లుతుందని నాకు తెలుసు. అయినా నూగు కనబడగానే నా బుర్ర మామ మగ్గం దగ్గరికి పరుగెత్తింది. పోగును తలకిందులుగా, పక్కలకు, ఒకదాని కింద నుంచి ఒకటి తిప్పే పనికి, కమ్మీ లాంటి పోగు ఎందుకు? ఆమె అరవలేదు. బ్యాగు తీసుకుని తొందరగా ఇంటికి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది.

ఇవాళ రసూల్ నన్ను చూసి జాలిపడి, నేను హాల్లో ఉన్నప్పుడు ఒక ఉండను వేడినీళ్లలో సర్ఫు వేసి, చొక్కా కాలర్ ఉతికినట్టు ఉతికాడు. సబ్బుబిళ్లంత ముద్ద అయింది. ఏ పోగు ఎక్కడ మొదలైందో దేవుడికే తెలియాలి.

"మంచికే సేస్తినన్నా" అన్నాడు.

"నేను గూడ మంచికే జేసిన" అన్నాను.

ముద్దను మధ్యలో పెట్టుకుని ఇద్దరం కాసేపు కూర్చున్నాం. తర్వాత ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాము. మే 22కి ఇరవై నాలుగు రోజులుంది.

ఏప్రిల్ 29

ఫోన్ చేశాను. శ్రీలతను పక్కకు పెట్టి, "అత్తమ్మకియ్యి, నేనే మాట్లాడుతా" అన్నాను.

అంతా విని అత్తమ్మ నవ్వింది. మూడేళ్ల నవ్వంతా ఒకేసారి నవ్వినట్టుంది.

"దున్నకు ఉన్నేంది అల్లుడా?"

"ఉంటది అత్తమ్మా, అమెరికల."

"ఉండనియ్యి. గోరువెచ్చటి నీళ్లల్ల ఎయ్యి. పొద్దటి నుంచి పొద్దుగూకేదాక నాననియ్యి. నీళ్లు మార్చుకుంట ఉండు. రుద్దకు, పిండకు, ఊకె అరచేతుల నడుమ ఒత్తు. రుద్దితె ముద్దయితది."

"ఒకటి అయింది."

"అయితదని నాకెర్కే." మళ్లీ నవ్వింది. "గని వడికిందెవలు? నువ్వేనా?"

"మేడమ్. నాకు వడుకరాదు అత్తమ్మా."

ఈ ముక్క ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. ఇక ఫోన్ శ్రీలతకు ఇచ్చేస్తుందనుకున్నాను.

"మామ దగ్గర పదేండ్లు గూసున్నవ్. నా దగ్గర ఒక్కనాడన్న గూసున్నవా?" అంది అత్తమ్మ. "నేను వడుకకుంటె మీరేం నేసెటోళ్లు? పో, కదురు జేసుకో. రేపు గీ యాళ్లకే ఫోన్ జెయ్యి."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

ఏప్రిల్ 30

మూడు ఉండలు మెత్తబడ్డాయి! నాలుగోదాన్ని ముట్టుకోలేదు. మేడమ్‌ని అడక్కుండా ఇంకేదీ చెయ్యను.

సాయంత్రం ఆమె వచ్చింది. మెత్తబడినవి చేతిలో పెట్టి, ముద్దయినదీ చూపించి, నాకు వడకడం రాదు, అబద్ధం చెప్పాను అన్నాను.

"ఏప్రిల్ పదిహేడునే తెలిసింది" అంది మేడమ్. "గాలిలో ఉప్పు అన్నావు కదా." ఆ ముద్దను ముక్కుకు ఆనించుకుని నవ్వింది. పట్టీకి పోగు చాలదు, సంచిలో మిగిలినదంతా ఇద్దరం వడికితే చాలవచ్చు అంది.

మే 2, శుక్రవారం

సన్నటి రాగి పైపు ముక్క, కింద ఫ్యాను మోటారుకు వేసే రబ్బరు బిళ్ల. బొంగరంలా తిరుగుతోంది. పద్నాలుగేళ్లలో నేను చేసిన వస్తువుల్లో ఇదే అందమైనది.

"మగోడు కదురు తిప్పుతాండాడు సూడండ్రా" అని రసూల్ క్యాంపంతా చాటాడు. చాటనీ.

మే 5

తెగింది. తెగింది. తెగింది.

మే 6

తెగింది. అత్తమ్మ ఫోన్‌లోంచి, "చెయ్యితోటి గుంజకు, కదురు బరువే గుంజుకుంటది. నువ్వు ఊకె ఇడువు" అంది. పదిసార్లు అంది. నాకు వదలడం చేతకాదు, అదీ నా సమస్య.

మే 7

తెగలేదు.

మే 9, శుక్రవారం

హాల్లో మేడమ్, నేను, వీడియో కాల్‌లో అత్తమ్మ. మేడమ్‌కీ ఒకటి చేసిచ్చాను కాబట్టి మా వైపు రెండు కదుళ్లు, అత్తమ్మ వైపు ఒకటి. ఫోన్‌ను రంగుల డబ్బాకు ఆనించి పెట్టాను. నేను తర్జుమా చేయకముందే వాళ్లిద్దరికీ సగం అర్థమైపోతోంది. మేడమ్ పోగు పైకెత్తి చూపిస్తే అత్తమ్మ తల అడ్డంగా ఊపుతుంది, మేడమ్ విప్పేస్తుంది.

"వీళ్ల ఇండ్లల్ల ఈ పని ఎట్ల వోయింది?" అని అత్తమ్మ అడిగింది.

మేడమ్ చెప్పింది. వాళ్ల జాతిని పుట్టిన నేల మీంచి వెళ్లగొట్టారట. చలికాలంలో వందల మైళ్లు నడిచారట, దారిలో ఎందరో పోయారట. మోయగలిగినది మోసుకొచ్చారు. మాట వచ్చింది, కథలు వచ్చాయి. కొన్ని పనులు చేతుల్లో ఉండేవి, ఆ చేతులతోనే పోయాయి అంది.

తర్జుమా చేశాను. అత్తమ్మ కదురు ఆపింది. తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"నా చేతులు ఇంక ఉన్నయి. జల్ది నేర్చుకొమ్మను" అంది.

అదీ తర్జుమా చేశాను. మేడమ్ పోగు విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

మే 14

సంచీ ఖాళీ. ఖలాస్. దులిపితే ఒక గడ్డిపరక పడింది, ఓక్లహోమాది. మేడమ్ దాన్ని పర్సులో దాచుకుంది.

మే 17

మేడమ్ ఆఫీసుకు సెలవు పెట్టి అల్లుతోంది. కుర్చీ వెనక్కు కట్టిన పోగులు, వాటి మధ్య ఆ పది వేళ్లు. మధ్యలో ఎర్రగా రంగు వేసిన పోగుతో వంకీల గీత దిగుతోంది, మ్యూజియం ఫొటోలో ఉన్నట్టే. నా పోగు ఎక్కడొచ్చిందో నాకు తెలుస్తుంది. కాస్త లావు, కాస్త సన్నం. ఎవరికీ చెప్పను.

మే 20

ఒక జానెడు తక్కువైంది. చివర కుచ్చులకు పోగు లేదు. ఉన్నదల్లా నేను కడగకుండా ఉంచిన నాలుగో ఉండ, గంజి ఉండ.

"నానేస్తాను, రేపటికి ఆరిపోతుంది మేడమ్" అన్నాను.

మేడమ్ దాన్ని చేతిలో తిప్పి, ఒక పోగు కొరికి తెంపింది. "వద్దు. కుచ్చులు వంగక్కర్లేదు కదా. రెండొందల ఏళ్ల తర్వాత ఎవరైనా ఈ పట్టీని మ్యూజియంలో చూసి, ఈ చింతగింజ ఇక్కడికెలా వచ్చిందని తల బద్దలు కొట్టుకోవాలి" అంది.

కుచ్చులు బారుగా దిగాయి, గట్టిగా, నిగనిగలాడుతూ. పట్టీ పూర్తయింది. బల్ల మీద పరిచి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. నేను కన్నీళ్లు పెట్టుకున్నానని రసూల్ అంటాడు. అతను అక్కడ లేడు, ఊరికే అంటాడు.

మే 22

ఎయిర్‌పోర్టుకు బస్సు రసూల్‌దే. తెరిచాను. మూశాను.

జూన్ 1

డాక్టర్ నిచ్చెన ఎక్కవచ్చన్నాడు. మూడు ఏసీలు. ఫోన్ కింద పెట్టి ఎక్కాను.

జూన్ 8, ఆదివారం, బక్రీద్ సెలవు

మేడమ్ వీడియో పంపింది. ముసలామె ఆరుబయట కుర్చీలో కూర్చుని ఉంది, చుట్టూ ఇంటివాళ్లు. మేడమ్ పట్టీ ఆమె భుజం మీదుగా వేసింది. ఆమె రెండు చేతులతో నిమిరింది, చాలాసేపు నిమిరింది. కుచ్చుల దగ్గరికొచ్చి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏదో అడిగింది, అందరూ నవ్వారు. "ఏ దున్న ఇంత పుల్లటి మేత మేసిందని అడుగుతోంది" అని మేడమ్ కింద రాసింది.

ఏడుసార్లు చూశాను. రసూల్ వండిన బిర్యానీ చల్లారిపోయింది.

వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాను. సెప్టెంబరులో సెలవు దొరుకుతుంది, వచ్చేలోగా కొట్టం మీది మగ్గం కర్రలు దింపించి లోపల పెట్టించు, ఎండకూ వానకూ చీలినవేవో చూసి చెప్పు, కొత్తవి చేయిస్తాను అని శ్రీలతకు చెప్పాను.

శ్రీలత ఫోన్ పట్టుకుని కొట్టం వైపు నడిచింది. అత్తమ్మ అప్పటికే కొట్టంలో ఉంది, మేకలకు ఆకు వేస్తోంది. విషయం విని ఆకు కింద పడేసి పైకి చూపించింది.

"చీలుడెక్కడిది? ఒక్క మేకన్న కొట్టనిచ్చిన్నా? కర్రకు మేకు గొడితె మగ్గం మల్ల నిలవడతదా?" అంది. "నువ్వు ఇప్పేటప్పుడే అనుకున్న, ఎప్పుడో ఓనాడు మల్ల గడుతవని. అందుకే తాళ్లతోటి గట్టిచ్చిన."

మూడేళ్లు ఆమెను పిసినారి అనుకున్నాను. గాలికి లటలటలాడే ఆ కప్పు కింద మూడేళ్లు ఆమె ఒక్కతే ఆ మగ్గాన్ని కాచుకుంది.

"కండ్లు తుడుసుకో అల్లుడా. సెప్టెంబర్ దాక నేను వడుకుతా, నువ్వొచ్చినంక నెయ్యి" అంది. "నడుమ నడుమ నువ్వు గూడ వడుకాలె మల్ల. ఇగ ఇడిసిపెట్ట నిన్ను."

కొట్టానికి రేకులు వేయించమని శ్రీలతకు చెప్పాను. రేకులకు ఎన్ని మేకులైనా కొట్టుకోవచ్చు.